కోటమ్మ కొన్న ఎత్తుపీట

అనగనగా ఒక అడవిలో, సెలయేరు మలుపు తిరిగే చోట, చిన్న చిన్న జంతువుల పిల్లలు చదువుకునే బడి ఒకటి ఉండేది. ఆ బడిలో మధ్యాహ్నం పూట పిల్లలందరికీ వండిపెట్టేది ముళ్ళపంది కోటమ్మ.

కోటమ్మ చేతి రాగిజావ అంటే పిల్లలకు ప్రాణం. అందులో తేనె కూడా కలుపుతుందని తెలిస్తే, జ్వరం వచ్చిన పిల్లలు సైతం దుప్పటి కప్పుకుని బడికి వచ్చేసేవారు.

కోటమ్మకు ఒకటే కష్టం. ఆవిడ పొట్టి. వంటింట్లో అటకేమో ఎత్తు.

ఎందుకంత ఎత్తంటారా? అంతకుముందు అక్కడ వండిన వంటావిడ ఒక దుప్పి. మెడ చాస్తే చాలు, అన్నీ అందేవి. తన ఎత్తుకు తగ్గట్టు అటక కట్టించుకుంది. తర్వాత పక్క అడవికి మకాం మార్చింది. అటక మాత్రం ఇక్కడే ఉండిపోయింది. బెల్లం అటక మీదే, ఇప్పపూలు అటక మీదే. తేనె జాడీ అయితే మరీ లోపలికి, మరీ మూలకి.

మొదటి రోజు కోటమ్మ ఒక గంప బోర్లించి ఎక్కింది. గంప కరకరమని విరిగి ఆవిడను లోపలికి లాగేసుకుంది. పిల్లలు వచ్చి చూసేసరికి గంపకు కాళ్ళొచ్చి వంటిల్లంతా తిరుగుతోంది.

రెండో రోజు రెండు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కింది. రెండూ పగిలాయి. ఆ పూట పిల్లలకు పప్పు లేదు. పప్పు వండే కుండ కూడా అందులోనే పోయింది మరి.

మూడో రోజు గోడ పక్కన గుండ్రటి రాయి ఒకటి కనబడింది. "ఇదేదో బాగుందే!" అనుకుని ఎక్కింది. బెల్లం బుట్ట మీద చెయ్యి వేసింది. అంతలో రాయి ఆవులించింది.

"ఎవరది నా వీపు మీద?" అంది రాయి.

అది రాయి కాదు పిల్లలూ! బడి పంతులు, తాబేలు కూర్మయ్య గారు. భోంచేసి అక్కడే కునుకు తీస్తున్నారు.

"నేనే పంతులుగారూ, కోటమ్మని. కదలకండి, కదలకండి! బెల్లం తీసేసుకుంటాను."

"గంట కొట్టే వేళయింది కదమ్మా" అంటూ పంతులుగారు నడక మొదలుపెట్టారు. నిదానంగానే నడిచారు, పాపం. అయినా కోటమ్మ అటక పట్టుకుని గాల్లో వేలాడాల్సి వచ్చింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. పంతులుగారు మాత్రం నవ్వలేదు. కోటమ్మను జాగ్రత్తగా దింపించి, పక్కకు పిలిచారు.

"చూడు కోటమ్మా, కింద పొయ్యి ఉంది. పొయ్యి చుట్టూ పిల్లలు చేరతారు. నీ ఒంటి నిండా ముళ్ళున్నాయి. ఏమైనా అయితే? రేపు సంత కదా. వెళ్ళి మంచి ఎత్తుపీట తెచ్చుకో. గట్టిది చూసి తెచ్చుకో."

"అలాగే పంతులుగారూ" అంది కోటమ్మ.

మర్నాడు సంతలో ఎత్తుపీటలు అమ్మేవాళ్ళు ముగ్గురు కనబడ్డారు.

మొదటివాడు కొండముచ్చు కామేశం. వాడి పీట తాటిచెట్టు చెల్లెలిలా ఉంది. "ఎక్కు అత్తా, మబ్బులు అందుతాయి!" అన్నాడు వాడు.

"నాకు మబ్బులొద్దు నాయనా, బెల్లం అందితే చాలు" అని కోటమ్మ ముందుకు సాగింది.

రెండోవాడు ఎలుగుబంటి ఓబులేసు. వడ్రంగం వాడి కులవృత్తి. వాడి పీట పొట్టిగా, వెడల్పుగా ఉంది. రంగు లేదు, నగిషీ లేదు. రెండు మెట్లు, బయటికి చాచిన నాలుగు లావుపాటి కాళ్ళు. జారకుండా కాళ్ళ అడుగున కొబ్బరి పీచు చుట్టి ఉంది.

"ఇది నేలను పట్టుకుని నిలబడుతుంది అక్కా" అన్నాడు ఓబులేసు. "అయితే ఒక్క మాట చెప్పు. నువ్వెంత బరువుంటావు?"

అంతే. కోటమ్మ ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"ఏమిటీ? సంత నడిమధ్యన ఆడకూతుర్ని పట్టుకుని బరువడుగుతావా?"

"కోపమెందుకక్కా? చేతిలో జాడీ కూడా ఉంటుంది కదా. ఎంత బరువుకు నిలవాలో తెలియకుండా నీకు పీట ఎలా ఇవ్వను?"

"నీ పీటా వద్దు, నువ్వూ వద్దు!" అని కోటమ్మ విసవిసా వెళ్ళిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతున్నారేమోనని వెనక్కి కూడా చూడలేదు.

మూడోవాడు నెమలి నీలాచలం. వాడి పీట చూడగానే కోటమ్మ కోపమంతా ఎగిరిపోయింది. ఎర్రటి లక్కరంగు! సన్నని, వంపు తిరిగిన కాళ్ళు! పైన పలక మీద తామరపూవు!

"గట్టిదేనా నాయనా?" అని అడిగింది, పంతులుగారి మాట గుర్తొచ్చి.

"రోజూ దీని మీద నిలబడే కదా వదినా నేను నాట్యం చేసేది!" అన్నాడు నీలాచలం. "అయినా నీలాంటి సన్నజాజి తీగకు ఇది ఎక్కువే."

తనను సన్నజాజి తీగ అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. కోటమ్మ ఇంకేమీ అడగలేదు. ఎక్కి చూడలేదు, ఊపి చూడలేదు. ఒక కుండెడు రాగిజావ ఇస్తానని మాటిచ్చి, పీట నెత్తిన పెట్టుకుని బడికొచ్చింది.

పది రోజులు బాగానే గడిచాయి. ఎక్కినప్పుడల్లా పీట కిర్రుమనేది. "కొత్త చెప్పులు కిర్రుమనవూ? ఇదీ అంతే" అనుకుంది కోటమ్మ.

పదకొండో రోజున తొలకరి వాన పట్టుకుంది. పిల్లలందరూ తడిసి ముద్దయి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకున్నారు. వాళ్ళ తోకల నుంచి, చెవుల నుంచి నీళ్ళు కారి నేలంతా తడితడి. పొయ్యి మీద పెద్ద కుండలో రాగిజావ కుతకుత ఉడుకుతోంది.

"కోటమ్మత్తా, ఇవాళ తేనె వెయ్యవూ?" అని అడిగింది కుందేలు పిల్ల దూది. దాని చేతిలో బుల్లి చిప్ప ఉంది. అందరికంటే ముందు నిలబడింది.

"వేస్తాను తల్లీ, ఇదిగో!" అని కోటమ్మ తడి నేల మీదే పీట వేసి ఎక్కింది.

తేనె జాడీ మూలన ఉంది కదా. దిగి పీటను కాస్త జరుపుకుంటే సరిపోయేది. అబ్బే, ఒక్క చెయ్యే కదా అనుకుంది. మునివేళ్ళ మీద లేచింది. పక్కకు వంగింది. జాడీ చేతికందింది.

కిర్రు!

పీట కాలు ఒకటి జారింది. ఇంకో కాలు ఫట్టుమని విరిగింది.

గాల్లో ఉన్న ఆ ఒక్క రెప్పపాటులో కోటమ్మకు అన్నీ కనబడ్డాయి. ఒక పక్క మరిగే కుండ. ఇంకో పక్క పైకి చూస్తున్న పిల్లల మొహాలు. భయానికి తన ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఆవిడ ఎలా మెలికలు తిరిగిందో తెలియదు గానీ, ఒళ్ళంతా వెనక్కి విసిరి, గోడవారనున్న తవుడు బస్తా మీద పడింది.

జాడీ పగిలింది. బస్తాకు ముళ్ళన్నీ గుచ్చుకుని, కోటమ్మ వెల్లకిలా అతుక్కుపోయింది. కాలు మడత పడింది. "అమ్మో!" అంది.

అంతలో దూది ఏడుపు వినిపించింది. ఊడిన ముల్లు ఒకటి ఎగిరి దాని చెవి అంచుకు గుచ్చుకుంది. ఎర్రగా చుక్క నెత్తురు. చిన్న దెబ్బే. కానీ ముల్లు ఇంకొక్క వేలెడు కిందికి దిగి ఉంటే, దూది కంట్లోనే గుచ్చుకునేది.

పంతులుగారు వచ్చారు. దూది చెవికి పసుపు రాసి కట్టు కట్టారు. కోటమ్మ కాలికీ కట్టు కట్టారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని అనిపించింది కోటమ్మకు.

మర్నాడు సంగతి తెలిసి నీలాచలం వచ్చాడు. విరిగిన పీటను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విచిత్రంగా ఉందే వదినా! నేనెన్నిసార్లు ఎక్కాను! నాకేమీ కాలేదే!"

"నువ్వు పడబోతే ఎగురుతావు నాయనా" అంది కోటమ్మ. "నేను పడబోతే పడతాను. నీ తప్పేముందిలే. అడగవలసినవి నేను అడగలేదు. అడిగినవాడి మీద కోప్పడి వచ్చాను."

నీలాచలం తోక ముడుచుకుని, మొదటిసారి తానమ్మిన ఆ పీట వంక అనుమానంగా చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

కోటమ్మ కర్ర ఊతతో కుంటుకుంటూ ఓబులేసు ఇంటికి వెళ్ళింది. వాడు చెక్క నునుపు చేయడానికి చిత్రిక పడుతున్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, తన బరువెంతో గట్టిగా చెప్పేసింది. పక్కింటి అడవిపందికి కూడా వినబడింది.

ఓబులేసు నవ్వలేదు. "జాడీ బరువో?" అన్నాడు. అదీ చెప్పింది. వాడు ముందు తానే పీట ఎక్కి గెంతి చూపించాడు. తర్వాత ఆవిడను ఎక్కించి, నాలుగు వైపులా ఊపి చూశాడు. పీట అంగుళమైనా కదలలేదు.

"రోజూ వాడేవి కింద పెట్టుకో అక్కా" అన్నాడు. "ఎక్కే ముందు నేల తుడుచుకో. చెయ్యి అందకపోతే వంగకు. దిగి, పీట జరుపుకుని, మళ్ళీ ఎక్కు."

పీట బడికి వచ్చింది. కానీ పిల్లలు ఇప్పుడు వంటింట్లోకి రావడం లేదు. గుమ్మం బయటే నిలబడి చిప్పలు చాస్తున్నారు. కాలి నొప్పి కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది కోటమ్మకు. ఆవిడ వాళ్ళను రమ్మని పిలవలేదు. ఎలా పిలుస్తుంది?

నేల పొడిగా తుడిచింది. పీట వేసింది. చేత్తో ఊపి చూసింది. ఒక మెట్టు ఎక్కింది. రెండో మెట్టు ఎక్కింది. కొత్త తేనె జాడీ రెండు చేతులా పట్టుకుంది. ఒక్కొక్క మెట్టే దిగి నేల మీద నిలబడింది.

ఇలా ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. గుమ్మం బయట నుంచి పిల్లలు అలా చూస్తూనే ఉన్నారు.

నాలుగో రోజు కోటమ్మ జాడీతో దిగేసరికి, పొయ్యి దగ్గర చిన్న అలికిడయింది. చూస్తే దూది! చెవికి కట్టుతో, చిప్ప ముందుకు చాచి నిలబడి ఉంది.

"పడలేదుగా అత్తా?" అంది.

"లేదు తల్లీ" అంది కోటమ్మ. చిప్ప నిండా జావ పోసి, పైన ఒక గరిటె తేనె వేసింది. ఆగి, ఇంకో గరిటె వేసింది.

అది చూసి గుమ్మం బయటున్న పిల్లలందరూ ఒక్కసారిగా లోపలికి వచ్చేశారు.

నీతి: ఎక్కి నిలబడే వస్తువును కంటికి నచ్చిందని కాదు, మన బరువుకు ఆగుతుందా, కదలకుండా నిలుస్తుందా అని చూసి ఎంచుకోవాలి. మన మేలు కోరి అడిగిన ప్రశ్నకు కోపం తెచ్చుకోకూడదు.