గట్టు మీది తాడు

ఉదయం ఆరున్నర. డిసెంబరు. పొగమంచులో రిజర్వాయరు కనిపించడం లేదు, దాని పక్కనున్న పెద్ద రాతిగుండూ కనిపించడం లేదు. రెంటికీ నడుమ ఖాదర్ బాబా గుడిసెలో దీపం ఒక్కటే తెలుస్తోంది.

పన్నెండేళ్ళుగా ఏ చిక్కొచ్చినా నేను బాబా దగ్గరికే వెళ్తాను. ఆ రోజు చిక్కు నా కొడుకు హరీంద్ర. ఇరవై రెండేళ్ళు. ఆదివారాలు ఏం చెయ్యాలన్నది వాడి ప్రశ్న. ఆ పొద్దున మా వెంట వచ్చిన స్నేహితుడు ఇలియాస్ గుండు ఎక్కుదాం రమ్మంటాడు. మా తమ్ముడు గాలం వేద్దాం రమ్మంటాడు.

"మీరే చెప్పండి బాబా. వీడికి ఒక్కచోట కాలు నిలవదు. గాలం పడితే నిలకడొస్తుంది. గట్టున కూర్చునే పనికి గండమేముంది?"

హరీంద్ర ఏదో అనబోయాడు. గాలే తప్ప మాట రాలేదు. జలుబు చేసి రెండ్రోజులుగా గొంతు పూర్తిగా పోయింది.

"వీడు గాలం వేస్తే చేపలే విసుక్కుంటాయి ఆంటీ," అన్నాడు ఇలియాస్, తాడు చుట్ట భుజానికి తగిలించుకుంటూ.

బాబా నన్ను చూశారు. "నీకుందా బేటీ, నిలకడ?"

"ఎందుకు లేదు? పొద్దంతా కూర్చోమన్నా కదలను."

"సరే. కూర్చో."

గాలం నా చేతికిచ్చారు. వాళ్ళిద్దరినీ గుండు వైపు పొమ్మని చెయ్యి ఊపారు. నేను వద్దనేలోపే మంచులో కలిసిపోయారు.

తర్వాత బావి దగ్గర్నుంచి చేదతాడు విప్పి తెచ్చారు. ఒక కొస నా నడుముకి కట్టారు. రెండో కొస గట్టు మీది రాతిస్తంభానికి ముడేశారు.

"నేనేమన్నా పాడిగేదెనా బాబా?" నవ్వాను.

ఆయన నవ్వలేదు. గుడిసెలోకి వెళ్ళిపోయారు.

నీళ్ళ మీద గాలపు బెండు, ఎర్రగా, చిన్నగా. అది తప్ప లోకమంతా తెలుపు. పిట్ట లేదు. అల లేదు. ఎంతసేపైందో తెలీదు.

"అమ్మా."

హరీంద్ర. స్పష్టంగా.

గుండు ఉన్నది నా వీపు వెనక. పిలుపొచ్చింది ముందునుంచి, నీళ్ళ మీంచి.

"అమ్మా, చలేస్తోంది."

చిన్నప్పుడు తలంటి పోశాక అచ్చం అలాగే అనేవాడు. గాలం ఎక్కడ పారేశానో గుర్తులేదు. "వస్తున్నా నాన్నా, వస్తున్నా," అంటూనే ఉన్నాను. చీర బరువెక్కింది. ఎంత నడిచినా పిలుపు అంతే దూరంలో ఉంది.

నడుం దగ్గర తాడు బిగిసింది. ఇంకో అడుగు పడలేదు.

ముడి విప్పుకోబోయాను. అవును, విప్పుకోబోయాను. తడిసిన ముడి, రాలేదు.

అప్పుడు చూసుకున్నాను. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి.

బాబా తాడు లాగుతూ గట్టుకి తెచ్చారు. నేను ఆయన చేతులు విదిలించుకుని మళ్ళీ నీళ్ళ వైపే తిరిగాను.

"వాడు పిలిచాడు బాబా! అందులో ఉన్నాడు. నేను విన్నాను!"

"వాడికి గొంతెక్కడుంది బేటీ?"

నేను గుండు వైపు తిరిగాను.

మంచు విడుతోంది. గుండు నెత్తిన, లేత ఎండలో, ఇద్దరు. ఒకడి నడుం నుంచి ఇంకొకడి నడుముకి తాడు. హరీంద్ర నాకేసి చెయ్యి ఊపుతున్నాడు.

బాబా వంగి నా నడుం దగ్గరి ముడి ఓపిగ్గా వదులు చేశారు.

"ఎక్కేవాడు తాడు కట్టుకునే ఎక్కుతాడు," అన్నారు. "గట్టున కూర్చునేవాళ్ళకే ఆ ఆలోచన రాదు."

ఆదివారాల సంగతి నేను మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. గడప దగ్గర ఎప్పటిలాగే లోపలికొచ్చినవాళ్ళని లెక్కపెట్టాను. ఇలియాస్. హరీంద్ర.

తలుపు వెయ్యబోయి ఆగాను. తడి ఆరని చీర కొంగు పట్టి చూసుకున్నాను.

నాతో కలిపి ముగ్గురం.