రాగి స్పాంజి

నేను కూడా సర్వారాయుడు గారి శిష్యుణ్ణే. పాల శీతల కేంద్రంలో ఆయన పాఠం చెబుతుంటే పక్కన నిలబడి తలాడించడంలో నన్ను మించినవాడు లేడు. ప్రశ్న అడిగే తెలివి మాత్రం నా తోటి శిష్యుడు భద్రానిది.

ఆ రోజు భద్రం అడిగింది ఇది: “గురువుగారండీ, కొత్త పాలగొట్టం చుట్టూ చల్లనీళ్లు పారే చోట, స్పాంజిలా చిల్లులున్న రాగి ముక్కలు కూరాను. నీళ్లు లోహానికి ఎంత తగిలితే అంత వేడి లాగుతాయన్నారు కదండీ. పొద్దున పాలకి బదులు వేడినీళ్లతో పరీక్ష చేస్తే, చల్లనీళ్లు ఎక్కే చోట గొట్టం జిల్లుమంటోంది, అవతలి కొసన వెచ్చగానే ఉంది. పంపేమో మూలుగుతోంది. ఇంకొన్ని ముక్కలు కూరమంటారా?”

చుట్టుపక్కల ఊళ్ల పాలన్నీ సాయంత్రం ఆ గొట్టంలోకే రావాలి. చల్లబడకపోతే విరిగి కాలవ పాలు. వాటి వెనకాలే భద్రం ఉద్యోగం.

గురువుగారు పంపు వంక చూడనైనా లేదు. “ముందు వడ్డన కానీ,” అన్నారు. కొత్త యంత్రం బిగించినవాడు పాలు పోసేవాళ్లకి తన చేత్తో వడ్డించడం మా కేంద్రం ఆనవాయితీ. పూజా, ఫొటోలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

భద్రం పప్పు బకెట్టు పట్టుకున్నాడు. భయపడ్డ మనిషికి మర్యాద ఎక్కువవుతుంది కాబోలు, ప్రతి ఆకు దగ్గరా ఆగి, “ఇంకొక్క గరిటె వేయించుకోవాలండీ, నా మీద ఒట్టే!” అని బతిమాలుతున్నాడు. మొదటి ఆకు నాది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను గాని, వేళ్ల మధ్య సందు ఉంచాను. వాడు బంతి సగానికి చేరకముందే నేను రెండోసారి పప్పు కలుపుతున్నాను.

అవతలి కొస నుంచి రావులమ్మ అనే పాలావిడ కేకేసింది. “ఒరే అబ్బాయ్, నువ్వు మా దాకా వచ్చేసరికి గేదెలు చేపుకొచ్చే వేళవుద్ది! మర్యాదలు చాల్లే, కాళ్లు కదుపు!”

భద్రం అటు చూశాడు. ఆమె పక్కన, చివరి ఆకు ముందు, ఒట్టి అన్నంతో గురువుగారు కూర్చుని ఉన్నారు. గరిటె గాలిలోనే ఆగిపోయింది. బకెట్టు అక్కడే దించేసి పంపు గదిలోకి పరిగెత్తాడు. మిగతా బంతికి వడ్డించడానికి నేను లేద్దామా అని ఆలోచిస్తూ ఉన్నాను.

భద్రం తడిసిన చొక్కాతో, గుప్పెడు రాగి ముక్కలతో తిరిగొచ్చాడు. బయట వ్యాను పాల కోసం బయల్దేరుతూ హారన్ కొట్టింది.

“నీళ్లూ నాలాగే మొదట్లోనే ఆగిపోతున్నాయండీ. అలాగని అన్నీ తీసేస్తే ఊరికే జారిపోతాయి కదండీ! ఎన్ని తీయమంటారు, ఎన్ని ఉంచమంటారు?” అని అడిగాడు.

గురువుగారు ఒట్టి అన్నమే ముద్ద చేసుకుంటూ అన్నారు: “మొదటి ఆకువాణ్ణి మాత్రం అడక్కు.”