ఎలుకలో మిగిలిన బంగారం

ఇందుమతి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. విశాఖపట్నంలో ఆవిడ నడిపే ప్రయోగశాలలో అందరికీ తెలిసిన సంగతే ఇది. అయినా ఆ ఉదయం తబిత అడక్కుండా ఉండలేకపోయింది.

అక్కడ వాళ్లు తయారుచేసేవి బంగారు రేణువులు. కంటికి ఆననంత సన్నటివి. నెత్తురులోకి ఎక్కిస్తే వెళ్లి కణితిలో చేరతాయి. స్కానింగులో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. తబిత చేసిన రేణువు కాస్త పెద్దది. చుక్కలా వెలుగుతుంది, ఒంట్లోకి వెళ్లిందంటే నెలల తరబడి ఉండిపోతుంది. ఆమె తోటివాడు చేసినది అంతకంటే చాలా చిన్నది. మసకగా వెలిగి, మర్నాటికల్లా మూత్రంలో పోతుంది. రెండింట్లో ఒక్కటే మనుషుల మీద పరీక్షల దాకా వెళ్తుంది. ఏదన్నది తేల్చే పని ఇందుమతి గారు తన పెద్ద శిష్యురాలైన తబితకే అప్పగించారు.

"ఇందులో తేల్చడానికేముంది మేడమ్? బాగా కనిపించేదాన్ని వదిలి మసకదాన్ని ఎందుకు పంపాలి? అయినా బంగారాన్ని ఎవరైనా ఉచ్చలో పోగొట్టుకుంటారా?"

ఇందుమతి గారు పకపకా నవ్వారు. "మా అత్తగారు వింటే నీకే ఓటేసేవారు. సరేగానీ, నీ ఎలుకకి ఓసారి స్కాన్ తీసి చూపించు. రేణువులేమీ ఎక్కించకు. ఊరికే తియ్యి."

ఆ ఎలుకకు ఉన్న కణితిని పట్టిచ్చింది తబిత రేణువే. ఆ తర్వాత మందులు పడ్డాయి. తిండి పుంజుకుంది, బోనంతా కలియతిరుగుతోంది. దాన్ని మురిపెంగా తీసుకెళ్లిన తబిత, తెర మీద బొమ్మ చూసేసరికి కొయ్యబారిపోయింది. పాత చోటే. పాత తెలుపే.

"తిరగబెట్టింది మేడమ్," అంది, ఆ బొమ్మను ఇందుమతి గారి ముందు పెట్టి. "మందు పనిచెయ్యలేదు."

"నీకెలా తెలుసు?"

"కనిపిస్తోందిగా!"

"కనిపిస్తున్నది జబ్బా, నీ రేణువా?"

ఆ తెల్లమచ్చ వంక ఎంతసేపు చూసినా రెండింటినీ విడదీయడం తబిత తరం కాలేదు. చివరికి ఎలుకకు మత్తిచ్చి, సన్నటి సూదితో ఆ చోటి నుంచి రవ్వంత కండ తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చెడ్డ కణం ఒక్కటీ లేదు. మానిన కండలో బంగారం మాత్రం కదలకుండా కూర్చుని ఉంది.

నయమైంది! తబితకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే ఇంకో ఆలోచన తట్టింది. ఇదే ఒక మనిషై ఉంటే? ఆ తెలుపు చూశాక ఆ ఇంట్లో ఎవరైనా అన్నం ముట్టేవారా?

మత్తులో ఉన్న ఎలుకను బోనులో పడుకోబెడుతూ అంది. "చిన్నదాన్నే పంపుదాం మేడమ్. కాకపోతే నాకొకటి తోస్తోంది. ఆ చిన్నవాటినే గుత్తులుగా కడితే? చూపించినంతసేపూ కలిసి ఉండి, ఆ తర్వాత విడిపోయి, వాటి దారిన అవి వెళ్లిపోయేలా..."

"చేసి చూడు," అన్నారు ఇందుమతి గారు. మత్తు దిగి మీసాలు ఆడిస్తున్న ఎలుకకు ఒక క్యారెట్ ముక్క అందించారు. అది రెండు చేతులా పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది.

"ఇది తన జబ్బును ఎప్పుడో మరిచిపోయింది తల్లీ. నీ బంగారమే ఇంకా మరవలేదు."