ఈరన్న మాస్కు

ఈరన్న మాస్కులోకి నీళ్లు వస్తున్నాయి. ముక్కు పక్కన, ఎడమవైపు. నెల రోజులుగా అక్కడే.

సముద్రంలో దిగేటప్పుడు కళ్లకీ ముక్కుకీ పెట్టుకునే మాస్కు అది, బజార్లో కొన్నది. ఎవరి ముఖానికో చేసింది. ఈరన్నది ఎముకలు తేలిన ముఖం. అంచు రబ్బరు కోసి లారీ ట్యూబు ముక్కలు అతికించాడు. మైనం పూశాడు. పట్టీ ఎంత బిగించేవాడంటే, పొద్దున పడిన ఎర్రటి గీత సాయంత్రం దాకా కళ్ల చుట్టూ ఉండేది. చివరికి ముఖం మీద జిగురుమట్టి అదిమించుకుని, ఆ అచ్చులో వినాయకుడి బొమ్మలు చేసే ప్లాస్టర్ పోసి, తన ముఖాన్నే తయారు చేసుకున్నాడు. దాని మీద పెట్టి రబ్బరును కొంచెం కొంచెంగా చెక్కాడు. మాస్కు ఆ బొమ్మకి చక్కగా పట్టింది. సముద్రంలో ఆరు బారల లోతు దిగేసరికి మళ్లీ ఆ మూల నుంచే ఉప్పునీళ్లు.

నీళ్లలోని రాళ్లకి చిక్కుకున్న వలలు విడిపించడం అతని పని. పడవ మీది యంత్రం గాలి పంపుతుంటే, గొట్టం పళ్లతో కరిచి పట్టుకుని దిగుతాడు. ఈసారి చిక్కుకున్నది ఆరు ఇళ్లవాళ్లు కలిసి కొన్న వల. మూడుసార్లు దిగాడు. మూడుసార్లూ కళ్లు మండి పైకొచ్చేశాడు.

"రేపు కూడా అవ్వకపోతే వల కోసేత్తాం, ఈరన్నా. నిన్నింక పిలవం," అన్నారు ఆ ఇళ్లవాళ్లు. కోపంగా కూడా అనలేదు.

తెల్లవారుతుండగా అతను దానయ్య దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఏళ్ల కిందట ఈరన్నకి నీళ్లలో దిగడం నేర్పింది ఆయనే. ఆయన సముద్రంలో దిగి ఆరేళ్లయింది. ముందు మోకాళ్లు పోయాయి. తర్వాత మనుషులు ఒక్కొక్కరే జ్ఞాపకంలోంచి జారిపోవడం మొదలైంది.

బోర్లించిన తెప్ప మీద కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు.

"ఎవురు బాబూ?"

ఆ మాట ఈరన్నకి కొత్త కాదు. వచ్చినప్పుడల్లా పేరు చెప్పుకునేవాడు.

"నాను గురువా. ఈరన్నని."

"ఈరన్న..." ఆ పేరును ఆయన కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "ఏటి కావాల?"

ఈరన్న మాస్కూ, ప్లాస్టర్ ముఖమూ ఆయన ఒళ్లో పెట్టాడు. "మాస్కు తప్పు కాదు గురువా. నా మొకమే వంకర. ఇంక నా వల్ల కాదు."

దానయ్య బొమ్మను వేళ్లతో తడిమాడు. "ఈడు నవ్వుతున్నాడేటి?"

"మంచమ్మీద తొంగున్నాను. మట్టి అదుముతూ మా ఇంటిది సన్నెమ్మ నవ్వించింది."

"మంచిదే. నీతో ఆరు బారలు దిగుద్దేటి సన్నెమ్మ?"

ఈరన్న వంగి బొమ్మలోని నవ్వును చూశాడు.

"మన్ను మిగిలిందా? అట్టుకురా. గొట్టం, ప్లాస్టరు కూడా."

అతను ఇంటికి వెళ్లి తిరిగొచ్చేసరికి దానయ్య పంచె ఎగగట్టి నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. చలికి వణుకుతున్నాడు.

"కూకో. మెడదాకా. గొట్టం పళ్లతో కరిసి పట్టుకో."

ఈరన్న కూర్చున్నాడు. అల వచ్చినప్పుడల్లా దవడలు బిగుసుకున్నాయి. బారెడు పొద్దెక్కేదాకా ఆయన కదలనివ్వలేదు. అప్పుడు మట్టి తీసి అతని ముఖం మీద అదిమాడు.

"నన్ను తలుసుకోకు. కిందున్న వలని తలుసుకో."

ఆ అచ్చులో ప్లాస్టర్ పోశారు. గట్టిపడ్డాక రెండు ముఖాలనూ ఇసుకలో పక్కపక్కన పెట్టారు. మొదటి ముఖానికి బుగ్గలు నిండుగా ఉన్నాయి. రెండో ముఖంలో బుగ్గలు లోపలికి పోయి, ముక్కు పక్కన ఎడమవైపు లోతైన గుంట పడింది.

ఈరన్న అతికించిన ముక్కలన్నీ దానయ్య ఒక్కొక్కటే పీకేశాడు. గుంట ఉన్నచోట చింతగింజంత ట్యూబు ముక్క పెట్టి పంక్చర్ జిగురుతో అతికించాడు. పట్టీని బకిల్‌లో రెండు పళ్లు వదులు చేశాడు. ఆ వేళ్లు దేన్నీ మరిచిపోలేదు.

మధ్యాహ్నం దాటాక వల పైకొచ్చింది. ఆరు ఇళ్లవాళ్లూ ఒడ్డున కేకలు వేశారు. ఈరన్నకి కేక వేసే ఓపిక లేదు. మాస్కు, గొట్టం చేతిలో పట్టుకుని ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ తెప్ప దగ్గరికి వచ్చాడు.

ముసలాయన తలెత్తి చూశాడు.

"ఎవురు బాబూ?"

ఈరన్న పేరు చెప్పబోయి ఆగిపోయాడు. మాస్కు పెట్టుకున్నాడు. గొట్టం కరిచి పట్టుకుని ఆయన ఎదురుగా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

దానయ్య చాలాసేపు చూశాడు. ముక్కు పక్కన, ఎడమవైపు, రబ్బరు అంచు మీద వేలు పెట్టాడు.

"ఈరన్నా," అన్నాడు. "నీళ్లొచ్చినాయేట్రా?"

ఈరన్న తల అడ్డంగా ఊపాడు.