సింహం గుమ్మంలో చెప్పులు

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, పద్మకేసరి అనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రసేనుడు, వట్టి కోపిష్టి. నడిపివాడు చిత్రసేనుడు, సోకులరాయుడు. చిన్నవాడు మృదుసేనుడు. వాడికి అన్నిటికీ భయమే. గుర్రం ఎక్కితే పడతానేమోనని భయం, దిగితే అది తొక్కుతుందేమోనని భయం.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. పట్టం కట్టుకునే ముందు రాకుమారుడు పరదేశాలు చూసి రావాలి. పరాయి ఊరు చూడనివాడు సొంత ఊరిని కూడా సరిగా చూడలేడని వాళ్ళ తాతల నాటి మాట.

ముందు పెద్దవాడు బయలుదేరాడు. రాణి మాలినీదేవి ఓడరేవు దాకా వచ్చింది.

"నాయనా, మూడు మాటలు చెబుతాను, మరిచిపోకు. ఎవరి ఇంట్లోకీ చెప్పులతో అడుగు పెట్టకు. పక్కవాళ్ళు తిన్నారో లేదో అడక్కుండా నువ్వు తినకు. నీ గుమ్మానికి ఎవరొచ్చినా, శత్రువైనా సరే, ముందు కాళ్ళకు నీళ్ళివ్వు."

"నేను సింహాలను చూడ్డానికి పోతున్నానమ్మా, పెళ్ళి భోజనానికి కాదు!" అని నవ్వి పెద్దవాడు ఓడెక్కాడు. ఏడు సముద్రాలు దాటాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత నడిపివాడు బయలుదేరాడు. రాణి అవే మూడు మాటలు చెప్పింది. "అన్నయ్యకు చెప్పినవే నాకూనా? కొత్తవి లేవా?" అని నవ్వి అతనూ ఓడెక్కాడు. ఏడు సముద్రాలు దాటాడు. మళ్ళీ రాలేదు.

అప్పుడు చిన్నవాడు తల్లి దగ్గరికి వచ్చి, "అమ్మా, నేను వెళ్ళి అన్నయ్యలను తీసుకొస్తాను," అన్నాడు.

"భయం లేదూ?"

"చాలా ఉంది. అయినా వెళ్ళొస్తాను."

రాణి ఇక కాదనలేకపోయింది. చలికి శాలువా, ఎండకు గొడుగు, దారిలో తినడానికి పులిహోర మూట, వండుకోవడానికి బియ్యం, చింతపండు, నూనె, పోపు దినుసులు, అన్నీ సర్దింది. మూడు మాటలూ మూడేసి సార్లు చెప్పింది. అవి అయ్యాక, "తడిబట్టలతో ఉండకు, తెలియని పండు తినకు, ఓడ అంచున నిలబడకు," అని ఓడ కదిలేదాకా చెబుతూనే ఉంది. ఓడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వారు. మృదుసేనుడు నవ్వలేదు. అన్నిటికీ తలూపి, ఓడ నడిమధ్యలో కూర్చున్నాడు.

ఒక సముద్రం దాటాడు, అది పచ్చగా ఉంది. ఇంకొకటి దాటాడు, అది నల్లగా ఉంది. అలా ఏడూ దాటి, అన్నలు వెళ్ళిన మృగద్వీపంలో దిగాడు.

దిగి చుట్టూ చూసి, కాళ్ళు కదలకుండా నిలబడిపోయాడు. నేలంతా ఎండకు కాలిపోతోంది, ఎదురుగా కొండకు మాత్రం నెత్తిన మంచు తలపాగా ఉంది. ఒక నది కొండ మీంచి దూకుతోంటే, కిందనుంచి నీటి పొగ మబ్బుదాకా లేస్తోంది. ఒక చెరువు నిండా గులాబీరంగు పక్షులు ఒంటికాలి మీద నిలబడి కునుకుతున్నాయి. తెల్ల గుర్రాల ఒంటి మీద ఎవరో తీరిగ్గా కూర్చుని బొగ్గుతో గీతలు గీసినట్టుంది. జింకలాంటి జంతువు ఒకటి తాటిచెట్టంత మెడ చాచి చెట్టు చివరి చిగుళ్ళు తింటోంది. అవన్నీ చూస్తూ మృదుసేనుడు భయపడడం మరిచిపోయాడు. గుర్తొచ్చాక మళ్ళీ భయపడ్డాడు.

ఎండ మండిపోతోంది. కాస్త దూరంలో ఒక గుహ కనిపించింది. గుమ్మం ముందు మట్టిలో పాదాల గుర్తులు ఉన్నాయి, ఒక పక్కన బొమికలు ఉన్నాయి. "ఇది ఎవరిదో ఇల్లు," అనుకున్నాడు మృదుసేనుడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, జతగా పక్కన పెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అని పిలిచాడు.

లోపలినుంచి సింహం వచ్చింది. గడపలో నిలబడి అతన్ని చూసింది, చెప్పులను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

"నా ఇంటికి ఈటెలతో వచ్చారు, వలలతో వచ్చారు, మంటలతో వచ్చారు. చెప్పులు విడిచి పిలిచినవాడివి నువ్వొక్కడివే. లోపలికి రా. నిన్ను తినను."

"ఒట్టా?"

"సింహం ఒట్టు పెట్టదు. తినాలంటే తినేస్తుంది, వద్దనుకుంటే మానేస్తుంది."

మృదుసేనుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆకలి వేసి పులిహోర మూట విప్పాడు. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగి, "మీరు తిన్నారాండీ?" అని అడిగాడు.

"నిన్న తిన్నాను. ఎవరినని అడక్కు," అంది సింహం.

గుహ ముందునుంచి ఒక ముసలి ఏనుగు పోతోంది. "అవ్వా, నువ్వు తిన్నావా?" అని కేకేశాడు.

ఏనుగు ఆగిపోయింది. చాటల్లాంటి చెవులు ఒకసారి ఊపింది. "నా దంతం ఎంత పొడుగని అడిగారు, ఎంత బరువు మోస్తానని అడిగారు. తిన్నావా అని ఎవ్వరూ అడగలేదు నాయనా," అని తొండంతో చిటికెడు పులిహోర తీసుకుంది. "చింతపండు కాస్త ఎక్కువైంది," అని ఇంకో చిటికెడు తీసుకుంది.

మృదుసేనుడు అడిగితే అన్నల గురించి చెప్పింది కూడా ఆ ఏనుగే. ఈ దీవిని కరాళుడు అనే మాంత్రికుడు ఏలుతున్నాడు. కొయ్య పాంకోళ్ళు వేసుకుని టక్కు టక్కుమని తిరుగుతాడు. వాటితో ఎవరి ఇంట్లోకి నడిచివస్తే ఆ ఇల్లు అతనిదైపోతుంది. ఎవరి ముందైనా అతను పాంకోటితో మూడుసార్లు నేల తడితే వాళ్ళు మృగమో పక్షో అయిపోతారు. అతని ప్రాణం భుజం మీది చిలుకలో ఉందని లోకమంతా చెప్పుకుంటుంది. వజ్రసేనుడు ఆ చిలుక మెడ పిసకబోయి ఖడ్గమృగమయ్యాడు. చిత్రసేనుడు దాన్ని వలవేసి పట్టబోయి ఎగరలేని పెద్దపక్షి అయ్యాడు.

"వానలు మొదలయ్యేదాకా వాళ్ళకు మనిషి బుద్ధి ఉంటుంది. తొలకరి చినుకు నెత్తిన పడిందా, అదీ కడుక్కుపోతుంది. ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు," అంది ఏనుగు.

మృదుసేనుడు బయటికి చూశాడు. మంచు కొండ వెనకనుంచి నల్లటి మబ్బు లేస్తోంది.

ఏనుగు చూపిన వైపు పరుగున వెళ్ళి అన్నలను చూశాడు. ఖడ్గమృగం తల వంచి ఒక చెట్టును గుద్దుతోంది. పెద్దపక్షి నీళ్ళగుంటలో తన నీడ చూసుకుని మొహం రెక్కల్లో దాచుకుంటోంది. తమ్ముణ్ణి చూసి రెండూ దగ్గరికి వచ్చాయి. రెండింటి కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

అప్పుడే ఒక చిలుక వచ్చి కొమ్మ మీద వాలింది. "నా మెడ పిసకడానికి నువ్వు కూడా వచ్చావా రాకుమారా? రా, ఇదిగో మెడ. ఇప్పటికి ఎంతమంది పిసికారో! అతని ప్రాణం నాలో లేదు బాబూ. శత్రువులు నా వెంట పడాలని అతనే ఆ మాట పుట్టించాడు."

"పాపం, మెడ నొప్పిగా ఉందా?" అన్నాడు మృదుసేనుడు.

చిలుక పై కొమ్మ వదిలి అతని దగ్గరి కొమ్మ మీద వాలింది. ఆ తర్వాత మెల్లగా అంది. "నేను మొదటినుంచీ చిలుకను కాను. పగడాల దీవి రాజు కూతుర్ని, నా పేరు కీరవాణి. చిన్నప్పుడు మా నాన్నతో ఈ వింతలు చూడ్డానికి వచ్చాను. చూసి ఊరుకోకుండా ఆ పాంకోళ్ళు ముట్టుకున్నాను. అప్పటినుంచీ ఆ భుజం మీదే ఉన్నాను. అతను పాంకోళ్ళతోనే తింటాడు, పాంకోళ్ళతోనే పడుకుంటాడు. అతని ఉత్తి పాదాలు నేనింతవరకు చూడలేదు."

మృదుసేనుడు ఆలోచించాడు. కత్తి తిప్పడం అతనికి రాదు. వల విసరడం రాదు. వచ్చిందల్లా తల్లి చెప్పిన మూడు మాటలు. రెండు ఇప్పటికే వాడేశాడు.

"కీరవాణీ, మీ మాంత్రికుణ్ణి ఎవరైనా ఎప్పుడైనా భోజనానికి పిలిచారా?"

"అతన్నా? ఎవరు పిలుస్తారు?"

"నేను పిలిచానని చెప్పు. సింహంగారి ఇంట్లో ఇవాళే భోజనం."

ఖడ్గమృగమూ పెద్దపక్షీ అతని వెంటే గుహ దగ్గరికి వచ్చాయి. సింహం ఇల్లు ఇచ్చింది. ఏనుగు తొండం నిండా నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన నిలబడింది. మృదుసేనుడు గడప ముందు తుడిచి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టాడు. రాళ్ళ పొయ్యి మీద అన్నం వండి, ఇంగువ వేసి పోపు పెట్టాడు. ఆ వాసనకు చారల గుర్రాలు కూడా మేత మాని తలలెత్తాయి, పొడుగుమెడ జంతువు గుమ్మం దగ్గరికే వచ్చేసింది.

టక్కు టక్కుమంటూ, చిలుకను భుజం మీద పెట్టుకుని కరాళుడు వచ్చాడు. "ఎవడ్రా నన్ను భోజనానికి పిలిచింది? తిన్నాక నిన్ను కుందేలును చేస్తాను. ముందు తిననీ," అని లోపలికి అడుగు వెయ్యబోయాడు.

"పాంకోళ్ళు విడవాలి తాతా. కాళ్ళకు నీళ్ళిస్తాను," అన్నాడు మృదుసేనుడు. భయంతో ఒక అడుగు వెనక్కి వేశాడు, గుమ్మం మాత్రం వదల్లేదు.

"నేను విడవను."

"అయితే వడ్డించలేను. మా ఇంటి పద్ధతి అది. ఆకులో కట్టి ఇస్తాను, తీసుకెళ్ళండి."

కరాళుడు పళ్ళు కొరికాడు. పాంకోటితో ఒకసారి నేల తట్టాడు. రెండోసారి తట్టబోతుంటే లోపలినుంచి పోపు వాసన మళ్ళీ వచ్చింది. చిన్నప్పుడెప్పుడో వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చిన వాసన అది. కాలు దానంతటదే ఆగిపోయింది.

"సరే. ఒక్కొక్కటే విడుస్తాను. ఒకటి కడిగి, వేసుకున్నాకే రెండోది."

"మీ ఇష్టం తాతా."

ఏనుగు నీళ్ళు పోసింది. కరాళుడు కుడికాలు కడుక్కుని, తడికాలితోనే పాంకోడు వేసుకున్నాడు.

"తాతా, తుడుచుకోండి! తడికాలితో కొయ్య మీద నిలబడితే జారతారు!" అన్నాడు మృదుసేనుడు.

"నాకు చెప్పొచ్చావా కుర్రకుంకా!" అని కరాళుడు ఎడమకాలు ఎత్తాడు.

జర్రున జారాడు. వెల్లకిలా పడ్డాడు. పాంకోళ్ళు రెండూ గాలిలోకి లేచాయి. ఒకదాన్ని ఏనుగు తొండంతో పట్టుకుంది. రెండోదాన్ని ఆ పొడుగుమెడ జంతువు పళ్ళతో అందుకుంది.

కరాళుడు లేచి నిలబడ్డాడు. పాదాలు అరచేతుల్లా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. మట్టి తగిలేసరికి చిన్నపిల్లాడిలా కాలు వెనక్కి తీసుకున్నాడు. "విరగ్గొట్టకండి! నా ప్రాణం వాటిలోనే ఉంది!" అని గొల్లుమన్నాడు.

"విరిచెయ్యి!" అంది సింహం. "తొక్కేస్తాను!" అంది ఏనుగు. ఖడ్గమృగం తల వంచి కాలు దువ్వింది.

మృదుసేనుడు ఆకాశం వైపు చూశాడు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. అయినా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "వద్దు. నేను పిలిస్తే వచ్చిన మనిషి. మన గుమ్మంలో చంపితే ఆ పాపం మనది." కరాళుడి వైపు తిరిగి, "తాతా, వీళ్ళందరినీ మళ్ళీ మనుషులను చెయ్యడం ఎలాగో చెప్పండి. మీ ప్రాణానికి నాది పూచీ," అన్నాడు.

"నీ మాట నమ్మమంటావా?"

"నేను అబద్ధం చెప్పలేదు కదా. జారతారని కూడా ముందే చెప్పాను."

కరాళుడు తాను జారిన చోటు ఒకసారి చూసుకున్నాడు. "రెండు పాంకోళ్ళూ కలిపి వాళ్ళ తల మీద మూడుసార్లు తట్టు," అన్నాడు.

పరాయివాళ్ళ చెప్పులు కాళ్ళకు వేసుకోకూడదు కనుక మృదుసేనుడు వాటిని చేత్తోనే పట్టుకున్నాడు. ఖడ్గమృగం నెత్తిన టక్, టక్, టక్. వజ్రసేనుడు లేచాడు. పెద్దపక్షి నెత్తిన టక్, టక్, టక్. చిత్రసేనుడు లేచి ముందు జుట్టు సర్దుకున్నాడు. చిలుక నెత్తిన మెల్లగా టక్, టక్, టక్. కీరవాణి మెడ నిమురుకుంటూ నిలబడింది. అప్పుడు పడింది మొదటి చినుకు.

పొడుగుమెడ జంతువు ఆ పాంకోళ్ళను తీసుకెళ్ళి, తనకు తప్ప ఇంకెవరికీ అందని చెట్టు కొమ్మకు తగిలించింది.

"మరి భోజనం?" అన్నాడు కరాళుడు, వానలో తడుస్తూ, చిన్న గొంతుతో.

"లోపలికి రండి తాతా. వాన మీ కాళ్ళు కడిగేసిందిగా," అన్నాడు మృదుసేనుడు. కరాళుడు కూర్చుని తిన్నాడు. రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

ఆ రోజునుంచి కరాళుడికి దీవి రేవులోనే పని. వింతలు చూడ్డానికి వచ్చేవాళ్ళ చెప్పులు రేవులో విడిపించి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా కాపలా కాస్తాడు. ఎవరి జత వాళ్ళకు తప్పకుండా ఇస్తాడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

నలుగురూ ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటి వచ్చారు. రాణి మాలినీదేవి రేవులోనే ఉంది. ముగ్గురినీ ఒక్కసారే కావలించుకుంది. పెద్దవాళ్ళిద్దరూ సిగ్గుతో తలలు వంచుకున్నారు. తర్వాత ఆవిడ చిన్నవాడి కాళ్ళు చూసింది.

"చెప్పులేవిరా?"

"సింహం గుమ్మంలో మరిచిపోయానమ్మా."

"ఏడు సముద్రాలూ ఉత్తికాళ్ళతో వచ్చావా? ముల్లు గుచ్చుకుంటే? సర్లే, అన్నం తిన్నావా?"

"నువ్వు తిన్నావా?" అన్నాడు కొడుకు.

పట్టం తమ్ముడికే కట్టమని అన్నలిద్దరూ పట్టుబట్టారు. పగడాల దీవి నుంచి కీరవాణి తండ్రి వచ్చాడు. పెళ్ళి ఘనంగా జరిగింది. మృదుసేనుడు చాలా ఏళ్ళు రాజ్యం చేశాడు. అన్నిటికీ భయపడే రాజు కనుక వంతెనలు కూలకముందే బాగు చేయించాడు, గాదెలు ఖాళీ కాకముందే నింపించాడు. జనం సుఖంగా ఉన్నారు.

అతని పిల్లలు పెద్దవాళ్ళై దేశాటనానికి బయలుదేరినప్పుడు, రాజు ఓడరేవు దాకా వచ్చి అవే మూడు మాటలు చెప్పాడు. పిల్లలు నవ్వారు. ఆయన మళ్ళీ చెప్పాడు. కీరవాణి, "ఇక చాలు, ఓడ కదలనివ్వండి," అంది. ఆయన మూడోసారి కూడా చెప్పాడు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా రాత్రుళ్ళు సరిగా నిద్రపోలేదు.

వాళ్ళు క్షేమంగా తిరిగి వచ్చారు. వస్తూనే, "నాన్నా, సింహం గుమ్మంలో మీ చెప్పులు అలాగే ఉన్నాయి. దుమ్ము లేదు, జత కూడా చెదరలేదు," అన్నారు.