రాజుగారి చేతి దిష్టి

ఒకానొకప్పుడు ధవళకేసరి అనే రాజుండేవాడు. ఏ రాజ్యానికని అడక్కండి, ఇలాంటి రాజు లేని రాజ్యముంటే అదీ విడ్డూరం. ఆయన చెయ్యి తగిలితే మన్ను కూడా పవిత్రమవుతుందని వందిమాగధులు పాడేవారు. ఆయన నమ్మేవాడు.

ఆయన కొలువులో విదూషకుడు పేరిభట్టు. పగలంతా సభను కడుపుబ్బ నవ్వించేవాడు. సాయంత్రం ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేదు. పసికందుగా ఉండగానే కూతురు విరేచనాలతో పోయింది. ఆ దిగులుతో మంచం పట్టిన భార్య మరి లేవలేదు. అప్పట్నించి ఆయన్ని చూసి చేతులు చాచే ప్రాణి ఒక్కటే, కొలువులోకి పాకుతూ వచ్చే రాజకుమారుడు.

ఆ బిడ్డకు జబ్బు చేసింది. తిన్నది ఇమడదు, విరేచనాలు కట్టవు. వైద్యుడి మందుతో కాస్త తేరుకుంటాడు, మళ్లీ మొదటికొస్తుంది. రాజేమో గుర్రాలను నిమిరి, శాల నుంచి నేరుగా వచ్చి, అవే వేళ్లతో బిడ్డ నోట్లో వెన్న పెడుతున్నాడు. "చేతులు కడుక్కోండి ప్రభూ, బాబుకు కాచి చల్లార్చిన నీళ్లు పట్టించండి, పాలమీద మూత వేయించండి" అని పేరిభట్టు మొత్తుకుంటే సభంతా గొల్లుమంది. విదూషకుడి నోట నిజం కూడా హాస్యమే కాబోలు.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఒకనాడు నిండు సభలో రాజు ఉరిమాడు.

"ఇది దిష్టి! ఆలూ బిడ్డా లేని ఒంటివాడి కన్ను పడింది. పేరిభట్టూ, రేపటికల్లా రాజ్యం విడిచిపో!"

పోవడానికి పేరిభట్టుకు బాధ లేదు, ఎక్కడికి పోయినా ఒంటరితనం వెంటే వస్తుంది. కానీ తాను పోతే ఆ బిడ్డకోసం నోరు విప్పేవాడుండడు. ఇంకో పసిబిడ్డ అలాగే పోవడం ఆయన ఓర్చలేడు.

"చిత్తం. దిష్టి ఎవరిదో తేల్చి మరీ పంపండి," అన్నాడు. "బాబుకు కప్పే పసుపు గుడ్డను తడిపి ఇక్కడికి తెప్పించండి. చేతులు కడుక్కుని అందరూ దాన్ని పట్టుకోవాలి. ఎవరు పట్టిన చోట ఎర్రబడితే వారిదే దోషం. నాదైతే ఈ పూటే వెళ్లిపోతాను."

గుడ్డ వచ్చింది. పేరిభట్టు చేతులు రుద్ది కడుక్కుని పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. దాదులూ, మహారాణీ కడుక్కుని పట్టుకున్నారు. ఏమీ కాలేదు. తమలపాకుకు సున్నం తానే రాసుకోవడం రాజుగారికి సరదా. అలా రాసి, ఆకును చిలక చుట్టి బుగ్గన పెట్టుకుని లేచాడు.

"ప్రభూ, చేతులు..." అంటూ పేరిభట్టు చెంబు అందించబోయాడు.

"మాకా? రాజహస్తానికి మైలా?" రాజు వేళ్లను ఉత్తరీయానికి తుడిచి, గుడ్డను గుప్పిట పట్టాడు.

ఆయన వేళ్ల కింద పసుపు కాస్తా నెత్తురులా ఎర్రబడింది. మహారాణి కెవ్వుమంది. రాజు ముఖం పాలిపోయింది.

"నా దిష్టా? నా బిడ్డకు నా దిష్టా?"

"దిష్టీ కాదు, నెత్తురూ కాదు ప్రభూ. మీ వేళ్లకున్న సున్నం. పసుపూ సున్నం కలిస్తే ఎరుపని దిష్టినీళ్లు కలిపే ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఆ సున్నం మీ కంటికి కనబడిందా? గుర్రపుశాలలో అంటేదీ అంతే. అది వెన్నతోపాటు బాబు కడుపులోకి పోతోంది. దానికి రంగు లేదు. ఉండుంటే నా బిడ్డా బతికేది."

సభలో ఎవరూ నవ్వలేదు. రాజు దిగివచ్చి చెంబు తానే అందుకున్నాడు.

ఆ తర్వాత కోటలో నీళ్లు కాచారు, కుండలకు మూతలు పడ్డాయి. మెల్లగా బిడ్డ తేరుకుని, మళ్లీ కొలువులోకి పాకుతూ వచ్చాడు. రాజు పకపకా నవ్వి, "నా చేత్తోనే నన్ను పట్టించావు కదయ్యా! ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"రోజూ సాయంత్రం అంతఃపురం గుమ్మంలో నిలబడి, 'చేతులు కడుక్కున్నారా?' అని ఏలినవారిని నిలదీసే అధికారం."

"ఎంత పొగరు! రాజునే నిలదీస్తావా?"

"ఇంటికొస్తే అలా అడిగే మనిషుండటం పెద్ద భోగం ప్రభూ. పోయాకే తెలుస్తుంది."

ఆ సాయంత్రమే పేరిభట్టు గుమ్మంలో నిలబడి అడిగాడు. రాజు నవ్వుతూ తడి చేతులు చూపించి, చెంబు ఆయన చేతికిచ్చాడు.

"మరి నువ్వు కడుక్కున్నావా? లోపల నీకూ విస్తరి వేశారు. ఇక రోజూ ఇక్కడే భోజనం."

ఆ మాట ఆయన్ని ఒకరు అడిగి ఎన్నేళ్లయిందో. పేరిభట్టు చెంబు పట్టుకుని చేతులు కడుక్కోవడానికి పక్కకు వెళ్లాడు.