ఎర్ర గీత దగ్గర

దరియా సాహెబు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్ళను కూర్చోబెట్టి, నాదస్వరం చేతికిచ్చి, "ముందు కాస్త వాయించు" అనేవారు. వాయించడం పూర్తయ్యేసరికి సగంమంది ఏమడగడానికి వచ్చారో మరిచిపోయి వెళ్ళిపోయేవారు. మిగిలిన సగంమందికి జవాబు దొరికేది. గౌసియా ఆ మిగిలిన సగంలోది. నేను ఎందులోదాన్నో ఇది చదివాక మీరే చెప్పండి.

నరసరావుపేటకు ఇవతల మా ఊరి కొండమీద ఉన్న రాములవారి గుడిలో ఆయన నలభై ఏళ్ళు వాయించారు. డెబ్బై దాటాక మా ఇద్దరికీ నేర్పారు. నేను అంతకుముందు ఫోనులో విని, నాకు నేనే ఊదుకుంటూ ఎంతో కొంత నేర్చుకుని, ఇంక ముందుకు పోలేక ఆయన గుమ్మం ఎక్కినదాన్ని. గౌసియాకు పసితనం నుంచీ ఉబ్బసం. ఆయాసం వచ్చే పిల్లకు ఊదే విద్య ఏమిటని ఊరు నవ్వితే, ఆయన దాని నోటుపుస్తకం తెరిచి, పాటలో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టారు. ఆ గీతలు పట్టుకునే అది నన్ను దాటిపోయింది. మమ్మల్ని జోడుగా కూర్చోబెట్టి, ఇద్దరి నాదస్వరాలూ ఒక్కటిగా వినబడేదాకా వదిలేవారు కాదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడు, శ్రీరామనవమి కల్యాణానికి వాయించమని గుడివాళ్ళు మా జోడును పిలిచారు. ఆడపిల్లల జోడును ఆ గుడి పిలవడం అదే మొదలు. మూడేళ్ళుగా మేం ఎదురుచూసిన పిలుపు.

గౌసియా ఆయన దగ్గరకొచ్చి అడిగింది. "గురువుగారూ, డాక్టరు గుంపులోకి వెళ్ళొద్దన్నాడు. మాస్కు పెట్టుకుని ఊదలేను కదా. వెళ్ళకపోతే నాలాంటిదాన్ని గుడివాళ్ళు ఇంక పిలవరు. నేను వెళ్ళాలా, తలుపేసుకుని కూర్చోవాలా?"

ఆయన నోరు విప్పేలోపే నేను అందుకున్నాను. "తను వెళ్ళకపోతే నేనూ వెళ్ళనండి."

అన్నప్పుడు నా మాట నాకే ఎంతో గొప్పగా వినబడింది. దాచడమెందుకు, లోపల కొంచెం పొంగిపోయాను కూడా. కానీ గౌసియా మొహం చిన్నబోయింది. "నా మూలాన దీనికి కూడా ఈ పిలుపు పోవడం ఎందుకండీ. వెళ్తాలెండి" అంది.

ఆయన నన్ను ఒక క్షణం చూశారు. "బాగుంది. వాయించండి" అన్నారు.

పెరట్లో ఆ చివరొకరం, ఈ చివరొకరం కూర్చున్నాం. గురువుగారు గుమ్మం దగ్గర, మూతికి గుడ్డ కట్టుకుని. అంతకుముందు, నాదస్వరం కొసన పెట్టి ఊదే మా పీకలు ఎలా పలుకుతున్నాయో ఆయన తన పెదవుల మీద పెట్టుకుని చూసేవారు. ఆ రోగం వచ్చాక మానేశారు. మంచం మీద శ్రుతిపెట్టె మోగుతోంది. కల్యాణిలో ఒక కీర్తన అందుకున్నాం. పల్లవిలో ఒక పొడుగాటి సంగతి ఉంది. దాని మధ్యలో గౌసియాకు ఎర్ర గీత.

ఆ గీత దగ్గర అది ఆగలేదు. ఊపిరి చాలుతుందని చూపించాలనుకుంది. మెడ నరాలు తేలాయి, బుగ్గలు వణికాయి. నేను దాని మొహమే చూస్తూ వాయిస్తున్నాను. చివరికి దాని నాదం తెగింది. కంగారులో నేనూ అక్కడే ఆగి ఊపిరి పీల్చాను. శ్రుతిపెట్టె ఒక్కటే మిగిలింది.

పక్కింటి సుభాన్‌బీ చేటతో సహా గోడమీంచి తొంగిచూసింది. "ఏం సాయిబూ, అయిపోయిందా?"

"లేదమ్మా, ఆపేశారు."

గౌసియా జేబులోంచి ఉబ్బసం పంపు తీసి రెండుసార్లు పీల్చుకుని, ఆయాసం తగ్గేదాకా తలొంచుకుని కూర్చుంది. ఆయన తొందరపెట్టలేదు. అది తేరుకున్నాక, "తప్పెవరిది?" అని అడిగారు.

"నాదే" అన్నాం ఇద్దరం.

"గీత దగ్గర ఎందుకు ఆగలేదు గౌసియా?"

"చాలుతుందనుకున్నానండీ."

"ఎవరికి చూపిద్దామని?" అన్నారు మెల్లగా. తర్వాత నావైపు తిరిగారు. "నీకు ఊపిరి ఉంది కదమ్మా. నువ్వెందుకు ఆగావు?"

"తను ఆగింది కదండీ."

"ఫోను దగ్గర నేర్చుకున్నదానివి. ఫోనుకు ఊపిరి తీసుకునే పనిలేదు. జోడుకు ఉంది. మళ్ళీ వాయించండి" అన్నారు.

ఈసారి గౌసియా గీత దగ్గర ఆగింది. నేను ఆగలేదు. నాదం పలచబడింది గాని తెగలేదు. రెండక్షరాల తర్వాత అది వచ్చి కలిసింది. గోడవతల సుభాన్‌బీ చెరుగుతూనే ఉంది, తలెత్తలేదు.

కీర్తన అయ్యాక గౌసియా నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టి ముడివేసింది. "నేను వెళ్ళనండి" అంది. గొంతులో జంకు లేదు. "మళ్ళీ పిలవకపోతే?" అని అడిగింది. పిలుస్తారని ఆయన అబద్ధం చెప్పలేదు. "పిలవకపోవచ్చు" అన్నారు. అది తలూపింది. మూడేళ్ళు ఎదురుచూసిన పిలుపును అంత నిబ్బరంగా వదులుకునే శక్తి నాకు ఇవాళ్టికీ లేదు.

నవమికి నేనొక్కదాన్నే కొండ ఎక్కాను. గురువుగారు కూడా రాలేదు. "నాకూ గీత పెట్టే వయసొచ్చింది" అన్నారు. ఆ సాయంత్రం గౌసియా ఫోనులో, "కల్యాణిలో రెండుచోట్ల మింగేశావే" అంది. ఎవరో పంపిన వీడియో ముందు పెట్టుకుని మొత్తం విన్నదట.

ఐదోరోజున నాకు జ్వరమొచ్చింది. పదిహేను రోజులకు లేచాను గాని, ఊపిరి లేవలేదు. వీధి చివరిదాకా నడిస్తే గోడ పట్టుకోవాల్సివచ్చేది. నెలల తరబడి నాదస్వరం సంచిలోంచి తీయలేదు. నేను పడుకున్న గది కిటికీ అవతల, వీధిలో నిలబడి గౌసియా రోజూ అడిగేది. "ఇవాళ ఎన్ని అడుగులే?" లెక్క తగ్గితే తిట్టేది. తనొచ్చి ఉంటే ఏమయ్యేదో మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

దసరాకు గుడివాళ్ళు వేరే జోడును పెట్టుకున్నారు. గౌసియా ఆ మాట విని, ఇంట్లో రోజూ చేసే రెండు పూటల సాధనను మూడు పూటలు చేసింది. నోటుపుస్తకంలో గీతలు మాత్రం ఒక్కటీ దాటలేదు.

మరుసటేడు, భయం తగ్గి, టీకా సూదులు కూడా వేయించుకున్నాక, నవమికి గుడి గుమాస్తా మా ఇంటికొచ్చాడు. "నువ్వు రా అమ్మా. ఆ రెండో అమ్మాయి ఊదగలదంటావా?" అన్నాడు.

"ఊదలేనిది నేనండీ. తనుంటే వస్తాను."

కల్యాణ మండపంలో కూర్చున్నాం. గురువుగారు మా వెనక తాళం వేస్తున్నారు. అదే కీర్తన, అదే సంగతి. తన గీత దగ్గర గౌసియా ఎప్పటిలా ఆగి, నిండా పీల్చుకుని వచ్చింది. మరో నాలుగక్షరాలకు, గీత ఏమీ లేనిచోట, నా గుండెలో గాలి అయిపోయింది. ఆపితే పాట తెగిపోతుందని పట్టుకునే ఉన్నాను. కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి.

పక్కన గౌసియా నాదం పెద్దదయింది. నా వాటా కూడా మోస్తోంది.

వెనకనుంచి ఆయన కొంచెం ముందుకు వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

"ఇప్పుడు నువ్వు ఊపిరి తీసుకోమ్మా."